మాంట్రియల్ రాయల్స్ - 1946

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో బేస్‌బాల్ క్రీడకు ఎంతో ఆదరణ ఉంది. అక్కడి పెద్ద జట్లు మేజర్ లీగ్‌లో ఆడతాయి. వాటికి కావలసిన ఆటగాళ్ళను తీర్చిదిద్దే చిన్న జట్లు మైనర్ లీగ్‌లకు చెందినవి. చిన్న జట్ల గెలుపోటములు సాధారణంగా ఊరి పొలిమేర దాటవు. కాని, కెనడాలోని మాంట్రియల్ రాయల్స్ జట్టు 1946లో ఆడిన ఆట చరిత్రకెక్కింది.

ఆనాటికి దాదాపు ఆరు దశాబ్దాలుగా శ్వేతజాతీయుల లీగ్‌లలో నల్లజాతీయులకు ప్రవేశం లేదు. అందుకు లిఖితపూర్వకమైన నిబంధన అక్కరలేకపోయింది. యజమానుల మౌనాంగీకారమే చాలింది. బ్రూక్లిన్ డాడ్జర్స్ అధిపతి బ్రాంచ్ రిక్కీ ఆ కట్టుబాటును ధిక్కరించి, 1945 అక్టోబరులో జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి యువకుణ్ణి తమ అనుబంధ జట్టైన రాయల్స్‌లో చేర్చాడు. ఎవరెంత అవమానించినా ఎదురు తిరగరాదన్నది రిక్కీ విధించిన షరతు. స్వభావరీత్యా అభిమానధనుడైన రాబిన్సన్‌కు బంతిని కొట్టడం కంటె ఇదే కష్టమైన పని.

శిక్షణ కోసం జట్టు ఫ్లోరిడాకు వెళ్ళింది. శాన్‌ఫర్డ్ పట్టణం అతణ్ణి ఉండనీయలేదు. జాక్సన్‌విల్‌లో క్రీడాంగణానికి తాళం వేశారు. డేటోనా బీచ్ ఒక్కటే ఆడనిచ్చింది. జట్టు శిక్షకుడు క్లే హాపర్ మిసిసిపీ రాష్ట్రంవాడు. రాబిన్సన్‌ను తన జట్టులో వేయవద్దని రిక్కీని ప్రాధేయపడినవాడు.

ఏప్రిల్ 18న జెర్సీ సిటీలో తొలి ఆట జరిగింది. మొదటిసారి రాబిన్సన్ విఫలుడయ్యాడు. రెండవసారి బంతిని మైదానం అవతలికి పంపి మూడు పరుగులు తెచ్చాడు. అతడు తిరిగి వచ్చేసరికి జార్జ్ షూబా అనే తెల్లజాతి సహచరుడు చేయి చాచి నిలుచున్నాడు. ఆ కరచాలనపు ఛాయాచిత్రం నేటికీ ప్రసిద్ధం. ఆనాడు రాయల్స్ 14-1 తేడాతో గెలిచింది.

తరువాతి నెలలు సుఖంగా గడవలేదు. పరాయి ఊళ్ళలో దూషణలు మిన్నుముట్టేవి. సిరక్యూస్‌లో ప్రత్యర్థి ఆటగాడొకడు నల్లపిల్లిని మైదానంలోకి విడిచి అతణ్ణి గేలిచేశాడు. అన్నిటినీ దిగమింగిన ఫలితంగా రాబిన్సన్‌కు నిద్రాహారాలు కరవయ్యాయి. విశ్రాంతి తీసుకొమ్మని వైద్యుడు ఆదేశించవలసి వచ్చింది. అయినా అతని సగటు .349, అనగా లెక్కకు వచ్చే ప్రతి వెయ్యి ప్రయత్నాలకు 349 హిట్‌లు. లీగ్‌లో అదే అత్యధికం. రాయల్స్ 100 ఆటలు గెలిచి అగ్రస్థానంలో నిలిచింది.

చివరి పోరు లూయీవిల్ జట్టుతో. మొదటి మూడు ఆటలు లూయీవిల్‌లోనే జరిగాయి. ప్రేక్షకుల కేకల నడుమ రాబిన్సన్ ఒకే ఒక్క హిట్ సాధించగలిగాడు. రాయల్స్ రెండు ఆటలు ఓడింది. పత్రికలలో ఈ సంగతి చదివిన మాంట్రియల్ ప్రజలు, తమ ఊరికి వచ్చిన లూయీవిల్ ఆటగాళ్ళకు అదే రీతిలో కేకలతో బదులు చెప్పారు. అది మర్యాద కాకపోవచ్చు. కాని, రాబిన్సన్ పక్షాన ఒక నగరమంతా గొంతెత్తింది. నాలుగవ ఆటలో గెలుపు పరుగును తెచ్చిన హిట్ అతనిదే. తక్కిన రెండూ గెలిచి అక్టోబరు 4న రాయల్స్ విజేత అయింది.

జనం అతణ్ణి భుజాలకెత్తుకొన్నారు. వీధిలో వెంటబడి పరుగెత్తారు. ఒకనాడు వద్దని వేడుకొన్న హాపర్ స్వయంగా వచ్చి కరచాలనం చేసి, అతని ఆటను, సంస్కారాన్ని కొనియాడాడు. 1947 ఏప్రిల్ 15న రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మేజర్ లీగ్ మైదానంలో అడుగుపెట్టాడు.