స్నేహితునితో కలిసి చేయు పుస్తకము

సెలవు దినములలో పిల్లలిద్దరు కూడి కాగితములు కత్తిరించుచు, చేతులనిండ జిగురు పూసికొని కూర్చున్నచో, చదువు చెడుచున్నదని తల్లిదండ్రులు మందలించుట సహజము. అయినను ఆ ఆటకు మన సీమలో దీర్ఘమైన పూర్వచరిత్ర కలదు.

కాగితము సులభముగా దొరకని కాలమున కన్నడ, తెలుగు ప్రాంతముల వర్తకులును, గ్రామలెక్కలు వ్రాయువారును కడితములను వాడెడివారు. కన్నడమున దీనిని కడత మందురు. నూలుగుడ్డకు చింతగింజల జిగురును, బొగ్గుపొడిని కలిపి ఇరుప్రక్కల పట్టించి, ఆరిన పిదప ముందు వెనుకలుగా మడతలు పెట్టుదురు. ఆ నల్లని పుటలపై బలపముతో వ్రాయుదురు. అవసరము తీరినచో తుడిచి మరల వ్రాయవచ్చును. పూత అరిగినచో మరల పూయవచ్చును. శృంగేరి మఠమున ఇట్టి కడతములు భద్రపరుపబడియున్నవి. హిందూదేశస్థులు దట్టముగా నేసిన గుడ్డపై లేఖలు వ్రాయుదురని క్రీ. పూ. 4వ శతాబ్దమున అలెగ్జాండరు నావికాధిపతి నియార్కసు చెప్పినట్లు గ్రీకు గ్రంథకర్త స్ట్రాబో తెలిపియున్నాడు.

చింతపండు కొట్టిన ఇంట గింజలకు కొదువ యుండదు. వానిని వేయించి, పొట్టు తీసి, రాత్రి నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీటిలో కాచినచో చిక్కని జిగురు వచ్చును. వేయించుట, కాచుట పెద్దల పని; తక్కినది పిల్లలకు విడువుడు. పాత పంచెముక్కను ఒకరు బిగించి పట్టవలయును, మరియొకరు పూయవలయును. ఒంటరిగా చేసినచో ముడుతలు పడును. ఈ పనికి స్నేహితుడు కావలయుననుట ఇందుకే.

ఇంతటి శ్రమ వలదన్నచో, నిరుటి నోటుపుస్తకములలో మిగిలిన తెల్లకాగితములను మధ్యకు మడిచి, పాత శుభలేఖను అట్టగా పెట్టి, మడతపై మూడు రంధ్రములు చేసి కుట్టవచ్చును. మడతల ఆటను చిన్నచూపు చూడరాదు. శిశుపాఠశాలలలోని ఆ ఆటయే ప్రేరణముగా టి. సుందరరావుగారు కాగితపు మడతలతో రేఖాగణితము బోధించు ఆంగ్లగ్రంథమును 1893లో మదరాసున ప్రకటించిరి.

ఇక అసలు సంగతి. ఇంట తెలుగు మాటలాడుచును, పరీక్షకు తప్ప తన యిచ్చతో తెలుగున ఒక్క వాక్యమైనను వ్రాయని పిల్లలు మన పావగడ తాలూకా గ్రామములలో కలరు. వారెరిగిన తెలుగు పుటలన్నియు ఎఱ్ఱసిరాతో దిద్దబడినవే. ఎవరును దిద్దని పుస్తకము ఒక్కటైనను వారికి ఉండవలదా? స్నేహితుడు కన్నడము మాటలాడు ఇంటివాడైనచో మరియు మేలు. ఒక పుటపై తెలుగు, ఎదుటి పుటపై కన్నడము వ్రాసికొందురు. గ, ద, ర వంటి అక్షరములు రెండు లిపులలోను ఇంచుమించు ఒకే రూపముననుండి, తలకట్టుననే భేదించును; క, త అక్షరములు మాత్రము దూరమైనవి. ఇది పాఠము చెప్పకయే వారికి తెలియును. అవ్వ చెప్పిన పొడుపుకథయు, వేరుసెనగ చేని ముచ్చటయు, తిరుమణి వైపు వేలాది ఎకరములలో పరచిన సౌరవిద్యుత్ పలకల బొమ్మయు ఆ పుటల కెక్కవచ్చును. (నల్లని కడితమును చూచి ఆ పలకలను తలచు పిల్లలుందురనుటలో వింత లేదు.)

ఆ పుస్తకమునకు మేము మార్కులు వేయము. తెలుగు వాక్యము నడుమ కన్నడపదము దొరలినను గీత గీయము. మీరును గీయవలదనియు, ఇంటికి వచ్చిన బంధువుల యెదుట చదివింపవలదనియు మా ప్రార్థన. పుస్తకము ఒక వారము ఒకరి యింట, మరు వారము రెండవవారి యింట నుండుట మంచిది.

నల్లపూత పూయు దినమున పిల్లలకు పాతబట్టలు తొడుగుడు. ఆ మరక త్వరగా పోదు.