అన్నము – మనస్సు – ఆరోగ్యము

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయమున ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువునకు చేసిన బోధ మన పాఠకులలో పెక్కుమందికి పరిచితమే. తిన్న అన్నము మూడు విధములుగా విభాగమగునని, అందలి స్థూలభాగము మలముగను, మధ్యమభాగము మాంసముగను, సూక్ష్మభాగము మనస్సుగను పరిణమించునని తండ్రి చెప్పెను. కుమారునకు ఆ మాట రుచించలేదు. మనస్సు అన్నమయమగుట యెట్లని సంశయించెను. అప్పుడు ఉద్దాలకుడు వాదమునకు దిగలేదు. "పదునైదు దినములు భుజింపకుము, నీరు మాత్రము యథేచ్ఛగా త్రాగుము" అని నియమించెను. పదునారవ దినమున కుమారుని పిలిచి వేదము చెప్పుమనగా అతనికి ఒక్క మంత్రమైనను స్ఫురింపలేదు. పిమ్మట భోజనము చేసి రాగా అడిగినదంతయు అప్పగించెను.

ఈ కథను నేను పాఠశాలలో పదునాలుగవ యేట చదివితిని. అప్పుడు వేదాంతమని చదివితిని. ఇప్పుడు అరువది దాటిన పిమ్మట చూడగా ఇది వేదాంతముతో బాటు ఒక పరీక్షయని కూడ తెలియుచున్నది. ఆహారమును ఆపి చూచుట, మరల ఇచ్చి చూచుట, రెండు స్థితులను పోల్చుట – నేటి శాస్త్రజ్ఞులు చేయుచున్నదియు ఇదియే. అట్టి పరీక్ష ఒకటి మన ముంగిటనే జరిగినదని మనలో నెందరికి తెలియును?

మన జిల్లాలోని ఇరువది తొమ్మిది గ్రామములు

దిల్‌సుఖ్‌నగర్ నుండి చైతన్యపురి, కొత్తపేట దాటి ఎల్.బి.నగర్ కూడలి చేరినచో అక్కడ బాటలు చీలును. ఒకటి విజయవాడకు, మరియొకటి నాగార్జునసాగరునకు పోవును. ఈ ఎల్.బి.నగర్ చేరియున్న రంగారెడ్డి జిల్లాలోని 29 గ్రామములలో 1987 నుండి 1990 వరకు ఒక పోషకాహార ప్రయోగము జరిగెను. అంగన్‌వాడీ పథకము అప్పటికి కొన్ని గ్రామములకు వచ్చెను, కొన్నింటికి ఇంకను రాలేదు. పథకము వచ్చిన గ్రామములలో గర్భవతులకును, ఆరేండ్లలోపు పిల్లలకును దినదినము వండిన అనుబంధాహారము పెట్టిరి. రాని గ్రామములు పోలికకు నిలిచినవి.

ఆ పిల్లలు పెరిగి పదుమూడు మొదలు పదునెనిమిది యేండ్ల వయస్సు వచ్చిన పిమ్మట పరిశోధకులు మరల ఆ గ్రామములకు వెళ్ళి 1165 మందిని పరీక్షించిరి. ఫలితములు 2008లో ప్రకటితమైనవి. తల్లిగర్భమునందును, బాల్యమునందును ఆ ఆహారము అందిన గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగిరి. అది స్వల్పమే యనవచ్చును. కాని వారి శరీరము ఇన్సులిన్‌కు మెరుగుగా లోబడుచుండెను. ఇన్సులిన్ నిరోధమును తెలుపు కొలత వారిలో 20 శాతము తక్కువగా నుండెను. రక్తనాళముల బిరుసుతనము కూడ తక్కువగా నుండెను. రక్తపోటునందును, రక్తములోని క్రొవ్వులయందును మాత్రము చెప్పదగిన భేదము కానరాలేదు.

ఇందు ఒక జాగ్రత్త చెప్పవలెను. ఆ గ్రామములను చీట్లు వేసి ఎన్నుకొనలేదు. పథకము విస్తరించిన క్రమమునే పరిశోధకులు వినియోగించుకొనిరి. ఆహారముతో బాటు టీకాలు, ఆరోగ్యబోధ కూడ అందెను. కావున ఫలమంతయు అన్నమునకే చెందునని మనము అనరాదు. అయినను, తల్లి తినిన పిడికెడు ఆహారము పదునైదేండ్ల తరువాత బిడ్డ రక్తనాళములలో గుర్తుగా నిలువవచ్చునని ఇది సూచించుచున్నది. గర్భిణికి అన్నము పెట్టుట పుణ్యమని మన పెద్దలు చెప్పిన మాటకు ఇంతకంటె వేరు వ్యాఖ్యానమేల?

తెల్లని బియ్యము నేర్పిన పాఠము

మన నగరములో తార్నాక యందు జాతీయ పోషకాహార సంస్థ కలదు. దాని చరిత్ర మన తెలుగువారి చరిత్రతో ముడివడియున్నది. 1918లో రాబర్ట్ మెకారిసన్ అను వైద్యుడు నీలగిరులలోని కూనూరులో ఒక చిన్న గదిలో బెరిబెరి వ్యాధిని గూర్చి పరిశోధన ప్రారంభించెను. అదియే పెరిగి 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు ధరించెను.

ఆ బెరిబెరి దక్షిణదేశమున ఎక్కువగా ఎవరికి వచ్చుచుండెను? నాటి మద్రాసు రాష్ట్రములోని ఉత్తర సర్కారుల వారికి, అనగా మన కోస్తా తెలుగువారికి. కారణము దారిద్ర్యము మాత్రమే కాదు. దక్షిణమున పెక్కుచోట్ల వడ్లను ఉడకబెట్టి, ఎండించి దంచుచుండిరి. ఉడికినప్పుడు తవుడులోని సారము కొంత గింజలోనికి దిగును. మనవారు పచ్చివడ్లనే మరపట్టించి, మల్లెపూవు వంటి తెల్లని బియ్యమును కోరుకొనిరి. తవుడుతో బాటు థయామిన్ అను విటమిన్ పోయెను. కాళ్ళు తిమ్మిరెక్కి, గుండె వాచి మనుష్యులు మరణించిరి. దంపుడుబియ్యము తిన్న పేదవానికి రాని జబ్బు మరబియ్యము తిన్నవానికి వచ్చెను.

తెలంగాణములో వేరొక పాఠము. ఇక్కడ జొన్నయే ముఖ్యాహారముగా బ్రదికిన పేదలలో పెల్లాగ్రా అను వ్యాధి కానవచ్చెను. చర్మము నల్లబారి పగులును, విరేచనములు పట్టును, బుద్ధి చలించును. డాక్టరు గోపాలన్, డాక్టరు శ్రీకాంతయ్య 1960లో దీనిని గూర్చి ప్రకటించుచు, జొన్నలో ల్యూసిన్ అను పదార్థము అధికముగా నుండుట ఇందుకు కారణము కావచ్చునని ప్రతిపాదించిరి. జొన్న చెడ్డదని దీని యర్థము కాదు. పప్పు, పాలు, కూర లేక జొన్న ఒక్కటే కడుపు నింపినచో ముప్పు వచ్చును. ఒక్క ధాన్యమును నమ్మి బ్రదుకరాదని ఈ రెండు వ్యాధులును మనకు బోధించినవి.

పేర్లు వేరు, పదార్థ మొక్కటి

నేడు బెరిబెరి, పెల్లాగ్రా అరుదైనవి. వాని స్థానమున మధుమేహము కూర్చున్నది. 2023లో ప్రకటితమైన దేశవ్యాప్త పరిశోధన ప్రకారము మన దేశమున సుమారు పది కోట్ల పది లక్షల మందికి మధుమేహము కలదు. మరి పదమూడు కోట్ల అరువది లక్షల మంది దాని గడపపై నున్నారు. ఆ పరిశోధక బృందమే 2025లో మన భోజనమును పరిశీలించి, భారతీయులు పొందు శక్తిలో సుమారు 62 శాతము పిండిపదార్థముల నుండియే వచ్చుచున్నదని తెలిపెను.

ఇది ఎట్లు జరుగుచున్నదో తెలియవలెనన్న మన యిండ్లనే చూచుకొందము. ఉదయము ఇడ్లీ, మధ్యాహ్నము అన్నము, సాయంకాలము అటుకులు, రాత్రి చపాతీ. నాలుగు పూటలు నాలుగు వంటకములు తింటిమని తృప్తి పడుదుము. ఉద్దాలకుడే ఆ అధ్యాయమున మరియొక దృష్టాంతము చెప్పెను: మట్టిని తెలిసికొన్నచో కుండ, మూకుడు, ప్రమిద అన్నియు తెలిసినట్లే, పేర్లు వేరు, పదార్థ మొక్కటి. మన నాలుగు వంటకములును అట్టివే. నోట వేరు వేరు రుచులు. కడుపులో చేరిన పిమ్మట అన్నియు ప్రధానముగా పిండియే, పిండి కరిగి చక్కెరయే.

ఇప్పుడు మన పేటలలో సిరిధాన్యముల వాడుక పెరిగినది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా జరుపుకొన్న పిమ్మట కొర్రలు, సామలు, అరికెలు అమ్మని దుకాణము లేదు. మంచిదే; వానిలో పీచు, ఖనిజములు కలవు. కాని ఒక మిత్రుడు తెల్లని అన్నమునకు బదులు కొర్రన్నము రెట్టింపు తిని, "ఇది మందు గదా!" యనుచుండెను. పైన చెప్పిన 2025 పరిశోధన ఇందుకు సమాధాన మిచ్చుచున్నది. పిండిపదార్థముల మొత్తము తగ్గించక, బియ్యమునకు బదులు గోధుమయో చిరుధాన్యమో మార్చినంత మాత్రమున మధుమేహ భయము తగ్గినట్లు వారికి కానరాలేదు. పిండిపదార్థములలో కొంత తగ్గించి, ఆ మేరకు పప్పులు, పాలు, పెరుగు వంటి మాంసకృత్తులు చేర్చినవారిలో ఆ భయము తక్కువగా కనబడెను. ఇది పరిశీలనయే గాని పరీక్ష కాదు. అయినను త్రోవ చూపుచున్నది.

తార్నాక సంస్థ 2024లో ప్రకటించిన 17 ఆహార సూత్రములలోని మాటయు ఇదియే. పెద్దవారి దినభోజనమునకు వారు చూపిన నమూనాలో ధాన్యములు 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, కూరలు ఆకుకూరలతో కలిసి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు కలవు. ఉప్పు 5 గ్రాములు మించరాదు. కూరల తూకము ధాన్యము తూకమును మించియున్నదని గమనింపుడు. మన విస్తరిలో అన్నము కొండ, కూర గుట్ట. వారు చెప్పినది దీనికి తలక్రిందులు.

నా యనుభవము

పరులకు చెప్పుటకు ముందు నా దోషము చెప్పుకొందును. ఏబది యెనిమిదవ యేట నాకు మధుమేహమున్నదని తేలెను. మాత్రలు వేసికొనుచు, ఏకాదశీవ్రతమును మానకుండ జరుపుచుంటిని. అన్నము మానితినని సంతోషించుచు రాత్రి ఉప్పుడుపిండి తినుచుంటిని. అది బియ్యపురవ్వయే గదా! పేరు మార్చి మనస్సును మోసపుచ్చుకొంటిని, శరీరము మోసపోలేదు.

ఒక యేకాదశినాడు ఉదయము మాత్ర వేసికొని, పగలంతయు ఏమియు తినక, సాయంకాలము గుడిలో పిల్లలకు శబ్దములు చెప్పుచుంటిని. ఉన్నట్టుండి చెమటలు పట్టెను. చేతులు వణికెను. అరువది యేండ్లుగా నోటనున్న రామశబ్దము తృతీయావిభక్తి దగ్గర ఆగిపోయెను. పిల్లలు నవ్విరి, ఒక బాలిక మాత్రము నవ్వలేదు. "తాతగారూ, మా నానమ్మకు కూడ ఇట్లే అగును" అని పరుగెత్తి పోయి పానకము తెచ్చి త్రాగించెను. కొంతసేపటికి విభక్తులు మరల వచ్చినవి. శ్వేతకేతువు కథ నా యందే జరిగెను. అతనికి పదునైదు దినములు పట్టెను, మాత్ర పుణ్యమా యని నాకు ఒక్క దినము చాలినది.

మరునాడు వైద్యుడు చెప్పిన మాట మరువలేను. "పంతులుగారూ, మీరు ఉపవాసము చేసినారు, మందు చేయలేదు గదా! మీరు అన్నము పెట్టకున్నను అది తన పని తాను చేసికొనిపోవును." మధుమేహమునకు వాడు కొన్ని మాత్రలును, ఇన్సులిన్ సూదియు భోజనము లేనప్పుడు రక్తములోని చక్కెరను ప్రమాదకరముగా తగ్గించును. కావున మందులు వాడు భక్తులు వైద్యుని అడుగకుండ ఉపవాసము చేయరాదు. వ్రతము విడువుమని నేను చెప్పను. వైద్యుడు చెప్పిన విధమున మందును, ఆహారమును సవరించుకొని చేయుడందును. అతిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము సిద్ధింపదని గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున చెప్పియేయున్నాడు. రోగి, గర్భిణి, బాలుడు, వృద్ధుడు – వీరికి నియమములు సడలించుట మన సంప్రదాయమే గాని కొత్తది కాదు.

ప్రసాదమును గూర్చి

మధుమేహులు నన్ను తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "చక్కెరపొంగలి పెట్టినప్పుడు వద్దనుట అపచారమా? తినుట అపాయమా?" నా బుద్ధికి తోచినది చెప్పెదను. ప్రసాదము పరిమాణముచే ప్రసాదము కాదు. భగవంతునికి నివేదితమగుటచే ప్రసాదము. తులసిదళము వేసిన తీర్థము గ్రుక్కెడు కాదు, ఉద్ధరిణెడే గదా! చిటికెడు కన్నుల కద్దుకొని నోట వేసికొని, మిగిలినది ప్రక్కనున్న పిల్లవానికి పెట్టినచో ప్రసాదమునకును లోపము లేదు, శరీరమునకును హాని లేదు. దోసెడు తిని, ఇంటికి మరియొక పొట్లము కట్టించుకొనుట భక్తి కాదు, జిహ్వ.

అన్నదానము చేయు దాతలకు కూడ ఒక మనవి. దిల్‌సుఖ్‌నగర్ వసతిగృహములలో నుండి చదువుకొను పిల్లలు వందలాది మంది సాయంకాలము రోడ్డు ప్రక్క బజ్జీలతోను, నూడుల్సుతోను ఆకలి తీర్చుకొనుచున్నారు. వారిలో కొందరైనను గుడికి వచ్చుచున్నారు. పులిహోరతో బాటు శనగ గుగ్గిళ్ళు, పెసరపప్పు వడపప్పు, ఒక అరటిపండు, ఒక గ్లాసు మజ్జిగ పెట్టినచో ఖర్చు పెద్దగా పెరుగదు. ఇవి యేవియు కొత్తవి కావు. నవరాత్రులలో గుగ్గిళ్ళు, శ్రీరామనవమికి వడపప్పు మన పెద్దలు నివేదించినవే. పండుగకు పరిమితమైన దానిని నిత్యము చేసికొనుటయే మన పని.

రంగారెడ్డి జిల్లా గ్రామములలో ఆనాడు తల్లులకు పెట్టిన ఆహారము రాజభోజనము కాదు. అది వేళకు అందినది, తగినంత అందినది, అక్కరగలవారికి అందినది. అన్నమును నిందింపరాదని, అన్నమును వృద్ధి చేయవలెనని తైత్తిరీయము ఆదేశించినది. వృద్ధి చేయుటయనగా ఒక్కని విస్తరిలో రాశి పోయుట కాదు. పదిమంది విస్తళ్ళలో తగినంత నుంచుట. ఈ నెల గుడికి వచ్చునప్పుడు ఒక గర్భవతికో, ఒక విద్యార్థికో పప్పు, కూర, పెరుగుతో ఒక పూట భోజనము పెట్టి చూడుడు. మనము తినుటయందు మితము, ఇచ్చుటయందు అమితము పాటింతుముగాక.