డాక్టరు గారి గదిలో మన కళ్లు చూడవలసినవి



కొన్నాళ్ల క్రితం మన ఓ.పి.కి ఒక తల్లి నాలుగేళ్ల బాబును ఎత్తుకొని వచ్చింది. జ్వరమని వేరొకచోట సూది మందు వేయించారట. వారం తిరిగేసరికి తుంటి మీద గడ్డ లేచి చీము పట్టింది. డాక్టరు గారు గడ్డ కోసి శుభ్రం చేసిన తరువాత మేము కట్టు కట్టాము. “సూది ప్యాకెట్టు మీ ఎదుటే విప్పారా అమ్మా?” అని అడిగాము. ఆమె తల వంచుకొని, “చూడలేదు సిస్టరమ్మా. అడిగితే కోపం వచ్చి, రేపు అవసరానికి చూడరేమోనని భయం” అన్నది.

ఇటువంటి గడ్డకు కారణాలు అనేకం. ఆ సూదే కారణమని మేము చెప్పలేము. కాని ఆ తల్లి భయం మాత్రం మనలో చాలామందికి ఉన్నది. అడగడం అవమానించడం కాదు. ఈ నెల పాఠం ఇదే.

వేరే దేశంలో ఎలా చూస్తారు?

మన కుటుంబాల పిల్లలు కొందరు ఇంగ్లండులో నర్సులుగా పని చేస్తున్నారు. అక్కడ కేర్ క్వాలిటీ కమిషన్ అనే సంస్థ 2009 నుండి ఆసుపత్రులను తనిఖీ చేస్తున్నది. 2013 ఏప్రిల్ నుండి వీధి చివరి ఫ్యామిలీ డాక్టరు క్లినిక్కులు కూడా దాని వద్ద రిజిస్టరు కావాలి. తనిఖీకి వచ్చినవారు ఐదు ప్రశ్నలు వేసుకొంటారు: ఇక్కడ వైద్యం సురక్షితమా? ఫలితం ఇస్తున్నదా? రోగిని ఆదరంగా చూస్తున్నారా? అవసరానికి అందుతున్నదా? నడిపించేవారు సరిగా నడిపిస్తున్నారా? మందుల గడువు తేదీలు చూస్తారు, ఫ్రిజ్ తెరుస్తారు, రోగులతో మాట్లాడతారు. చివరకు నాలుగు గ్రేడులలో ఒకటి ఇస్తారు. ఆ గ్రేడును రోగులకు కనబడే చోట పెట్టాలి.

మన ఊళ్లలో ప్రతి చిన్న క్లినిక్కుకూ ఇలా గ్రేడు ఇచ్చి గోడకు తగిలించే పద్ధతి లేదు. కాబట్టి మన కళ్లే కొంత తనిఖీ చేయాలి.

ఏమేమి చూడాలి?

1. గోడ: డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్కులోను, మందుల చీటి మీదను చూపాలని 2002 నాటి వైద్య నియమావళి చెబుతున్నది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు క్లినిక్కులు రిజిస్టరు కావాలని కూడా 2002లోనే చట్టం వచ్చింది.

2. చేతులు: ఒక రోగిని ముట్టి మరొకరిని ముట్టే ముందు చేతులు కడుగుకొన్నారా, లేక చేతులకు స్పిరిటు మందు రాసుకొన్నారా?

3. సూది: సూది, సిరంజి రెండూ కొత్తవి కావాలి. సూది మార్చి సిరంజి పాతదే వాడితే చాలదు. కంటికి కనబడనంత రక్తం సిరంజిలోకి వెనక్కి వస్తుంది. హెపటైటిస్ బి క్రిమి శరీరం బయట కనీసం 7 రోజులు బ్రతకగలదు. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో, వాడిన సిరంజిలనే మరల వాడడం వలన హెపటైటిస్ బి వ్యాపించి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఇంకొక మాట: చాలా జ్వరాలకు సూది అవసరమే లేదు. “మాత్రలతో తగ్గదా అండీ?” అని అడగండి.

4. పరికరాలు: కుట్లు వేసే కత్తెరలను నీళ్లలో మరిగిస్తే చాలదు. కొన్ని మొండి క్రిములు అందులో చావవు. ఆటోక్లేవ్‌లో ఆవిరి ఒత్తిడితో శుద్ధి చేయాలి. ఆ మూట మీద అంటించిన టేపులో నల్లని చారలు వచ్చాయేమో చూడండి. చారలు రాకపోతే ఆ మూట వాడకూడదు.

5. ఫ్రిజ్: టీకాలు 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండాలి. టీకాల ఫ్రిజ్‌లో అన్నం, మంచినీళ్ల సీసాలు ఉండకూడదు.

6. చెత్త: వాడిన సూదులు గుచ్చుకొని బయటకు రాని గట్టి తెల్ల డబ్బాలో పడాలి. మామూలు చెత్తబుట్టలో సూది కనబడితే, రేపు అది చెత్త ఎత్తే మనిషి చేతికి గుచ్చుకొంటుంది.

7. ప్రశ్నలు: మందు రాసేముందు “ఏ మందైనా పడదా? గర్భవతివా? ఇంకేమి మందులు వాడుతున్నావు?” అని అడిగారా? అడగకపోతే మీరే చెప్పండి.

మా సంగతి కూడా చెప్పాలి

ఇతరులకు పాఠం చెప్పేముందు మన ఆసుపత్రిలో జరిగినది దాచకూడదు. ఒకసారి మనవరాలికి టీకా వేయించడానికి వచ్చిన ఒక తాతగారు ఫ్రిజ్ మీది పుస్తకం చూసి, “ఏమ్మా, రేపటి తేదీకి కూడా డిగ్రీలు ఇవాళే రాశారేమిటి?” అని అడిగారు. ముందు మాకు చిన్నతనం అనిపించింది. తరువాత థర్మామీటరు చూస్తే 12 డిగ్రీలున్నది. తలుపు రబ్బరు వదులైపోయింది. పని తొందరలో మా సిస్టర్లు చూడకుండానే అంకెలు రాస్తున్నారు. పర్యవేక్షించవలసిన మేము ఆ పుస్తకం మీద సంతకాలు పెడుతూ వచ్చాము.

ఆ టీకాలన్నీ పక్కన పెట్టించాము. ఆ రోజులలో టీకా వేయించుకొన్న పిల్లల తల్లిదండ్రులకు కబురు చేసి, నిజం చెప్పి, పిల్లల డాక్టరు గారి సలహా ప్రకారం అవసరమైనవారికి మరల వేయించాము. కొందరు కోప్పడ్డారు. అది న్యాయమే. ఇప్పుడు రోజుకు రెండుసార్లు థర్మామీటరు చూసి రాస్తున్నాము, వారానికొకసారి వేరే వార్డు సిస్టరు వచ్చి సరిచూస్తున్నది. ఆ తాతగారు మొహమాటపడి ఊరుకొని ఉంటే ఎందరు పిల్లలు రక్షణ లేకుండా ఇంటికి వెళ్లేవారో!

ఎలా అడగాలి?

తగవులాడనక్కరలేదు. “డాక్టరు గారూ, ప్యాకెట్టు ఇక్కడే విప్పుతారా అండీ?” అంటే చాలు. మంచి డాక్టరు సంతోషంగా విప్పి చూపిస్తారు. కసురుకొంటే, ప్రాణాపాయం లేని జబ్బయితే, వేరొక చోటికి వెళ్లడం మేలు.

ఇంటిలో మాట్లాడుకోండి

క్రిందటిసారి సూది వేయించుకొన్నప్పుడు ప్యాకెట్టు ఎవరు విప్పారో మీకు గుర్తున్నదా? మీ మందుల చీటి మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నదా? ఈసారి మన ఆసుపత్రికి వచ్చినప్పుడు మమ్ములను కూడా అడగండి. మేము విప్పి చూపిస్తాము.