నాటకమూ కైవల్యమూ

తిరుమల ఆలయంలోని రాగిరేకులపై నిలిచిన తాళ్ళపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలలో, జీవితాన్ని నాటకంతో పోల్చిన కీర్తన సుప్రసిద్ధం. జీవితం నాటకమైతే విద్య, శ్రమ, కర్తవ్యం వ్యర్థమేనా? కాదు. కవి జననమరణాలను సత్యాలుగానే అంగీకరించాడు. నడుమ సాగే వ్యవహారాన్నే నాటకమన్నాడు. పాత్ర శాశ్వతం కాకున్నా నటుడు దానిని శ్రద్ధతో పోషించవలసిందేనని నా భావన.

మరణానంతరస్థితిని చెప్పేటప్పుడు ఆయన స్వర్గాన్ని ఆశ చూపలేదు. పాపపుణ్యాలు రెండూ బంధాలే. వాటి హద్దు దాటడమే కైవల్యం. పవిత్ర ఖురాను కూడా ఐహికజీవితాన్ని ఆటతో పోల్చింది. అయితే అక్కడ పరలోకంలో కర్మల విచారణ ఉంది. గమ్యవర్ణన వేరైనా హెచ్చరిక ఒక్కటే. విద్యార్థులారా! వేషాన్ని నిజమని భ్రమించి గర్వించకండి. పాత్రను మాత్రం విడువకండి.