కావలి కుక్కకు దురద పట్టినప్పుడు

చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో మామిడితోటకు గాని, చెనక్కాయ చేనికి గాని, గొర్రెల మందకు గాని కుక్క లేని కావలి అరుదు. రాత్రివేళ అడవిపందులు చేనిలో దిగినచో మొదట పసిగట్టునది అదే. అట్టి కుక్క రాత్రంతయు గోకుకొనుచు కూర్చున్నచో కావలి చెడును. వెండ్రుకలు రాలి, ఒళ్లు పుండై, ఈగలు ముసిరి కంపుకొట్టగా ఇంటివారే దానిని దగ్గరకు రానీయరు. దురద సాధారణముగా ప్రాణము తీయు జబ్బు కాదు. దురదకని పోసిన మందు మాత్రము ప్రాణము తీయగలదు.

నేను సేద్యశాస్త్రము బోధించువాడనే గాని పశువైద్యుడను కాను. అయినను సస్యరక్షణ మందులను గూర్చి చెప్పు సభలలో రైతులు తరచుగా నన్నడుగు ప్రశ్న ఒకటి గలదు. “సార్, చెట్టుమీది పురుగును చంపే మందు కుక్కమీది పురుగును చంపదా?” అని. చంపును. ఆ తరువాత ఏమగునన్నదే చూడవలసియున్నది.

పంటమందు సీసాలో విషము ఒక్కటే ఉండదు. ఆకుపై నుండు మైనపు పొరను తడిపి మందు అంటుకొనుటకై అందు నూనెవంటి ద్రావకములను, నీటిలో పాలవలె కలియుటకు మరికొన్ని పదార్థములను చేర్చుదురు. గోకి గోకి చిట్లిన చర్మము ఆకు వంటిది కాదు. పోసిన మందు దాని గుండా సులభముగా నెత్తురులోనికి దిగును. పైగా కుక్క తన ఒంటిని నాలుకతో శుభ్రము చేసికొను జంతువు. మీరు వీపున పూసినది సాయంత్రమునకు దాని కడుపులో నుండును. వేరుపురుగు నివారణకు విత్తనమునకు పట్టించు క్లోరిపైరిఫాస్ ఈ విధముగానే కుక్కలకు ప్రాణాంతకమగును.

కొందరు కొంచెము చదివి, “కుక్కల మందులోనూ ఫిప్రోనిలే ఉంది, వరికి కొట్టేదీ ఫిప్రోనిలే కదా” అందురు. పేరు ఒకటైనంత మాత్రమున మందు ఒకటి కాదు. కుక్క మెడపై చుక్కలుగా వేయు మందును దాని బరువును బట్టి, చర్మమునకు సరిపడు ద్రావకములో తయారుచేయుదురు. పంటమందును ఎకరమును బట్టి తయారుచేయుదురు. పెర్మెత్రిన్ సంగతి ఇంకొక రకము. కుక్క మందులలో వాడు ఈ మందే ఇంటిలోని పిల్లికి తగిలిన అది వణకి వణకి చచ్చును. వాడిన ఇంజనాయిలు, కిరసనాయిలు పూయుట పాత అలవాటు. అవి చర్మమును కాల్చును, నాకినచో లోపలికి పోయి ఊపిరితిత్తులను చెరుపును. ఇది మానవలెను.

ఇదివరకే ఎవరైనను పంటమందు పూసియున్నచో చొంగ కారుట, వాంతి, కండరములు అదురుట, కంటిపాప చిన్నదగుట, ఆయాసము కనిపించును. చేతులకు తొడుగులు వేసికొని సబ్బుతోను ధారాళమైన నీటితోను ఒళ్లంతయు కడిగి, కుక్క నాకకుండ చూచుచు, మందు సీసాతో సహా వెంటనే పశువైద్యశాలకు పోవలెను. వాంతి చేయింపరాదు. ఈ జాతి మందులకు విరుగుడైన ఏట్రోపిన్ డాక్టరుగారి చేతిలోనే యుండును.

ఇక దురదకు మూలము. కుక్క గోకుకొనుచున్నదనగానే గజ్జి యని తీర్మానించుట మనలో వాడుక. ఎక్కడ గోకుకొనుచున్నదో మొదట చూడవలెను.

నడుము వెనుక, తోక మొదట, వెనుక తొడలపై కొరుకుకొనుచున్నచో దుముకుడు పేలను అనుమానింపవలెను. వైద్యులు వీనిని ఫ్లీ అందురు. గోధుమరంగు గల సన్నని పురుగు. పట్టబోయిన ఎగిరి దుముకును. పురుగు కనబడకున్నను పరీక్ష సులభము. వెండ్రుకలను దువ్వి, రాలిన నల్లని నలుసులను తడిపిన తెల్లని గుడ్డపై వేయుడు. నలుసు చుట్టును ఎర్రని మరక విచ్చుకొన్నచో అది పేల పెంట. ఎరుపు, జీర్ణమైన కుక్క నెత్తురు. కొన్ని కుక్కలకు ఈ పురుగు ఉమ్మియే పడదు. ఎలర్జీ యనగా ఇదే. అట్టి కుక్కను రెండు మూడు పురుగులు కుట్టినను దినములకొలది దురద యుండును. అందుచేత “పురుగులు ఎక్కువ లేవు గదా” యని ఊరుకొనరాదు.

పెద్ద పురుగులు కుక్కపై నుండును గాని మొత్తము సంతతిలో అవి నూటికి ఐదు పాళ్లు మాత్రమే. తక్కినవి గ్రుడ్లుగా, పిల్లపురుగులుగా, గూళ్లుగా కుక్క పడుకొను గోనెపట్టలోను, మట్టినేల పగుళ్లలోను, కట్టెవామి క్రిందను ఉండును. చెనక్కాయ పండించు రైతుకు ఇది కొత్త సంగతి కాదు. ఎర్ర గొంగళి పురుగు గట్లపై మట్టిలో గూడు కట్టుకొని, వాన పడిన పిమ్మట రెక్కల పురుగై పైకి వచ్చుటలేదా? ఈ పేలును అట్లే నెలల తరబడి గూటిలో కాచుకొని, కుక్క అడుగుల అదురు, ఒంటి వేడి తగులగానే వెలికి వచ్చును. కాబట్టి కుక్కకు మాత్రమే మందు వేసి పడక విడిచినచో నెల తిరుగకముందే మరల మొదటికి వచ్చును. గోనెపట్టను వారమునకొకసారి మరుగు నీటిలో ముంచి ఎండవేయవలెను. పడక చోటు ఊడ్చి, చెత్తను దూరముగా కాల్చివేయవలెను. ఇంటిలోని కుక్కలన్నిటికి, పిల్లికిని ఒకేసారి, దేనికి తగిన మందు దానికి వేయవలెను.

గోమార్లకు గోడ పగుళ్లు ఇష్టము. ఒక ఆడ గోమారి వేలకొలది గ్రుడ్లు పెట్టును. కొట్టము గోడలు పూడ్చి సున్నము కొట్టించుట మంచిది. పట్టిన గోమారిని వ్రేళ్లతో చిదుమక, చిమటాతో చర్మమునకు ఆనించి పట్టి తిన్నగా లాగవలెను. ఇవి నెత్తురు త్రాగుటయే గాక జ్వరములను కూడ అంటించును. దురదతో పాటు కుక్క మేత మాని, చిగుళ్లు తెల్లబడి, నీరసించినచో ఆలస్యము చేయరాదు.

చెవుల అంచులు, మోచేతులు, పొట్ట వెండ్రుకలూడి పొక్కు కట్టినచో అది గజ్జి కావచ్చును. చెవి అంచును రెండు వ్రేళ్లతో నలిపినప్పుడు కుక్క వెనుకకాలు గాలిలో గోకుట మొదలిడినచో అనుమానము బలపడును. ఇది ఇతర కుక్కలకు అంటును. ఎత్తుకొని ఆడించు పిల్లలకు కూడ కొన్నాళ్లు దద్దురులు లేచును. కూనలకు కంటి చుట్టు, ముంగాళ్లపై వెండ్రుకలు రాలి దురద అంతగా లేనిది ఇంకొక రకము. అది మనుష్యులకు అంటదు. గుండ్రని మచ్చలు తామర కావచ్చును. అది దూడలకును మనకును అంటును. వీనిని కంటితో తేల్చరాదు. డాక్టరు చర్మమును కొంచెము గీరి సూక్ష్మదర్శినిలో చూచి చెప్పవలసినవి.

పురుగు లేదు, గజ్జి లేదు. అయినను పాదములను నాకుచు, మొగము నేలకు రాచుచు, చెవులను విదిలించుచున్నచో గాలిలోని పుప్పొడి గాని దుమ్ము గాని పడకపోవుట కావచ్చును. ఇది ఎక్కువగా ఆరు నెలలకును మూడేండ్లకును నడుమ మొదలగును. కొన్నిటికి ఏటేట ఒకే ఋతువులో వచ్చును. వయ్యారిభామ, అనగా మన కాంగ్రెస్ గడ్డి, మనుష్యులకును పశువులకును చర్మవ్యాధి తెచ్చునట్టిది. 1955 ప్రాంతమున పూనాలో మన దేశమున మొదట గుర్తింపబడి నేడు మన గట్లన్నిటిని ఆక్రమించినది. పూత రాకముందే తొడుగులతో పెరికివేసినచో చేనికి, మనిషికి, కుక్కకు మూడింటికిని మేలు. చేను తిరిగి వచ్చిన కుక్క పాదములను, పొట్టను మంచినీటితో కడిగి తుడుచుట ఖర్చు లేని చికిత్స.

ఋతువుతో పనిలేక ఏడాది పొడుగున దురద యున్నచో మేతను చూడవలెను. పాలు, కోడిమాంసము, పశుమాంసము, గోధుమ కొన్ని కుక్కలకు పడవు. ఒక దినము పాలు మాని “ఏమీ తగ్గలేదు” అనరాదు. అది ఇంతవరకు ఎరుగని మాంసము గాని చేప గాని ఉడికించి, అది పడునని తెలిసిన ఒక్క ధాన్యముతో మాత్రమే ఎనిమిది వారములు పెట్టి చూడవలెను. ఉల్లిపాయ కలుపరాదు, అది కుక్కకు విషము. ఇంటిలో పిల్లలు చాటున వేయు బిస్కత్తు ముక్కతో పరీక్షయంతయు చెడును. నా అనుభవమున అన్నిటికన్న కష్టమైన భాగమిదే!

రెండు సూదులను గూర్చి హెచ్చరిక. స్టెరాయిడు సూదితో దురద మరునాటికే తగ్గును. లోపల గజ్జి యున్నచో అది అణగక పెరుగును. ఆవుల ఇవర్‌మెక్టిన్ మందు 50 కిలోల బరువునకు 1 మి.లీ. లెక్కన, అనగా 300 కిలోల ఆవుకు 6 మి.లీ. పడును. అదే సిరంజితో 15 కిలోల కుక్కకు అంచనా వేయబోయిన ఒక్క గీత తేడాయే మోతాదును ఎన్నోరెట్లు చేయును. కోలీ వంటి కొన్ని జాతులు ఈ మందును బొత్తిగా తట్టుకొనలేవు. పేలు, గోమార్లు, గజ్జి మూడింటిపైనను పనిచేయు ఫ్లూరలానర్ వంటి బిళ్లలు ఇప్పుడు దొరకుచున్నవి. మూర్ఛ వచ్చు కుక్కకు వానిని ఇచ్చుటకు ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పవలెను.

గ్రామ పశువైద్యశాలలో తేలనిచో 1955లో స్థాపింపబడిన తిరుపతి పశువైద్య కళాశాలకు తీసికొని పోవచ్చును. పోవునప్పుడు మూతికి మెత్తని గుడ్డ కట్టి, వెర్రికుక్క జబ్బు టీకా ఎప్పుడు వేయించినది వ్రాసికొని పోవలెను. దురద ఏ నెలలో మొదలైనది, కుక్క ఏమి తినుచున్నది, ఇంటిలో ఇంకెవరికైనను దద్దురులున్నవా, ఇదివరకు ఏమి పూసినారు అను నాలుగు సంగతులను దాచక చెప్పవలెను. పోవుటకు ముందు రెండు మూడు దినములు స్నానము చేయింపక, ఏ నూనెయు పూయక యున్నచో పరీక్ష సులభమగును.