పిట్టగోడ
పాఠ్యభాగము: ద్వితీయోపదేశకాండము 22:1–8

వేసవి రాత్రులు మిద్దెమీద పండుకొను అలవాటుగల తెలుగు చదువరికి ఈ భాగములోని ఎనిమిదవ వచనమును విడమరచి చెప్పనక్కరలేదు. క్రొత్త యిల్లు కట్టువాడు పైకప్పు చుట్టు పిట్టగోడ కట్టవలెను; కట్టనియెడల అక్కడనుండి పడినవాని ప్రాణమునకు ఆ యింటివాడే ఉత్తరవాది. పిట్టగోడ అని తెలుగైన ‘మఅకే’ అను హెబ్రీ పదము పాత నిబంధన యంతటిలో ఇచ్చటనే కనబడును. సందర్భమే దాని అర్థమును తెలుపుచున్నది. ఇల్లు తనది, ఖర్చు తనది. పడువాడు మాత్రము పరుడు. ఈ ధర్మము నేటి పనులకు ఎట్లు వర్తించునో ఒక ఉదాహరణముచేత చూతము.

1. ఇంటివద్ద పని

ఢిల్లీ సరిహద్దునకు చేరువగా, గాజియాబాదు జిల్లాలో, వైశాలి అను నివాసప్రాంతము కలదు. అచ్చటి యువకుడొకడు పాత మారుతి జిప్సీని కొని, సెలవు దినములలో తన యింటిక్రింద బండ్లు నిలుపు చోట, హిమాలయపు కొండదారులకు దానిని సిద్ధపరచుచున్నాడనుకొందము. 1985లో విడుదలైన ఈ పెట్రోలు బండి నాలుగు చక్రములకును ఇంజను బలము నందింపగలది. మన సైన్యమును దీనిని విస్తారముగా వాడినది. అతడు తుప్పు గీకును, బేరింగులకు గ్రీజు పెట్టును, అరిగిన బుష్షులను మార్చును. ఇది నిందింపదగిన పని కాదు. చేతులతో శ్రమించి పాడైనదానిని బాగుచేయుట మంచి విద్య.

2. మార్పు వెంట వచ్చునవి

చిక్కు పెద్ద టైర్లతో ఆరంభమగును. టైరు వ్యాసము నూటికి పదిపాళ్లు పెరిగినయెడల, స్పీడోమీటరు 60 చూపునప్పుడు బండి నిజముగా 66 కిలోమీటర్ల వేగమున పోవును. చక్రముల బరువు పెరిగినది గాని ఆపవలసిన బ్రేకులు పాతవే. బండి ఎత్తు పెంచినచో దాని గురుత్వకేంద్రము పైకి జరిగి, మలుపులలో బోల్తాపడు అపాయము హెచ్చును. బ్రేకు గొట్టములు పొడవు చాలక బిగిసిపోవచ్చును. హెడ్‌లైటు వెలుగు ఎదుటివాని కన్నులలో పడును. ముందు బిగించిన ఇనుప గార్డు బండిని కాపాడునేమో గాని, దారిన నడచువానికి దెబ్బ తీవ్రమగును. ప్రతి మార్పును యజమానునికి సంతోషమే. దాని అంచున నిలిచియున్నవాడు పొరుగువాడు.

3. చట్టము

1988 మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను, తయారీదారుడు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2017 డిసెంబరులో కేంద్ర రవాణాశాఖ ఇనుప గార్డులపై చర్య తీసికొనుడని రాష్ట్రములకు వ్రాసినది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సెక్షనును స్థిరపరచినది. అదే సంవత్సరపు సవరణ, అనుమతిలేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానాను గాని ఆరు నెలలవరకు జైలును గాని, రెండింటిని గాని విధించినది. ఇదిగాక, రాజధాని ప్రాంతములో పదేండ్లు దాటిన డీజిలు బండ్లు, పదునైదేండ్లు దాటిన పెట్రోలు బండ్లు నడువరాదని 2018లో సుప్రీంకోర్టు ఆదేశించినది. 2025లో ఈ విషయమై మరల ఆదేశములు వెలువడినవి. కావున పాతబండి కొనకముందే నియమమును విచారించుట వివేకము.

‘అందరును చేయుచున్నారు, పోలీసులు అడుగుట లేదు’ అని కొందరందురు. పిట్టగోడ తనిఖీకి వచ్చు అధికారికొరకు కట్టునది కాదు. చీకటిలో మిద్దెమీద నడచు పిల్లవానికొరకు కట్టునది.

4. మిగిలిన సంతోషము

అయితే ఆ యువకుడు పనిముట్లను మూట కట్టవలెనా? అక్కరలేదు. చట్టము మరమ్మతును అడ్డగింపదు. నిర్ణీత కొలతలోనే బురదకు తగిన టైర్లు, క్రొత్త బ్రేకు లైనింగులు, బాగుపడిన స్ప్రింగులు, మంచి జాకీ, గట్టి త్రాడు—ఇవి చాలును. నాలుగవ వచనము చూడుడి: త్రోవలో పడిన సహోదరుని గాడిదను చూచి తప్పించుకొని పోరాదు, లేపవలెను. బురదలో దిగబడిన పరుని బండిని తన త్రాడుతో లాగినవాడు ఆ వచనమును నెరవేర్చుచున్నాడు. ఒకే అధ్యాయము పడినవానిని లేపుమనియు, ఎవడును పడకుండ చూడుమనియు బోధించుచున్నది.

ఆలోచించుటకు:

1. నీ యింటిలో నీవు చేయుచున్న ఏ పని అంచున పొరుగువాడు నిలిచియున్నాడు?

2. పెద్ద టైర్లను ముందే కొనియున్న ఆ యువకునికి, ఆ సొమ్ము నష్టమగునని తెలిసియు, నీవు ఏమి సలహా చెప్పుదువు?

3. ఇతరుని లేపుటకు నీ బండిలో త్రాడున్నదా?