రోబో నిర్మాణము – భాషాభ్యాసము

‘రోబో’ అను పదము 1920వ సంవత్సరమున చెక్ రచయిత కారెల్ చాపెక్ వ్రాసిన ‘ఆర్.యు.ఆర్.’ అను నాటకముతో లోకమునకు పరిచయమైనది. దానికి మూలమైన చెక్ పదమునకు వెట్టిచాకిరి అని అర్థము. వెట్టి అనగా నేమో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆజ్ఞను పాటించుటయే గాని, అందలి మంచిచెడ్డలు విచారించు అధికారము వెట్టివానికి లేదు. రోబోయు అంతియే. అది దారి తప్పినచో తప్పు దానిది కాదు. దానిని అమర్చినవారిదో, ఆజ్ఞ వ్రాసినవారిదో అయి యుండును.

భాష బోధించువారికి రోబోతో ఏమి పని అని కొందరు ప్రశ్నింపవచ్చును. తెలుగు, ఉర్దూ మాధ్యమములలో చదివి వచ్చిన విద్యార్థులు పలువురు, ఈ విద్య ఆంగ్లము ధారాళముగా వచ్చినవారి సొత్తని తలచి దూరముగా నిలిచిపోవుచున్నారు. ఈ భయము నిరాధారమని నిరూపించుటయే మా ఉద్దేశము. అందుకు గీత వెంట నడచు చిన్న రోబోను ఉదాహరణముగా గ్రహింతము.

దీనికి వలయు వస్తువులు కొన్నియే: ఒక చట్రము, రెండు మోటారు చక్రములు, ముందు ఎటైనను తిరుగు చిన్న చక్రము, బ్యాటరీ, రెండు పరారుణ సెన్సర్లు, ఒక మోటారు డ్రైవరు, ఒక ఆర్డుయినో బోర్డు. ఈ బోర్డు 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణమున విద్యార్థుల కొరకే రూపొందినది. బోర్డు పిన్ను ఒక్కొక్కటి సుమారు 20 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తును మాత్రమే సురక్షితముగా ఇవ్వగలదు. మోటారుకు అంతకు పలు రెట్లు కావలెను. అందుచేత బోర్డు ఆజ్ఞ ఇచ్చును. డ్రైవరు బ్యాటరీ నుండి బలము తెచ్చి మోటారును త్రిప్పును. మూడింటి గ్రౌండు తీగలు ఒకచోట కలియవలెను.

సెన్సరు రోబోకు కన్ను వంటిది. అందలి చిన్న దీపము కంటికి కనబడని పరారుణ కిరణములను నేలపైకి పంపును. తెల్ల కాగితము వానిని తిరుగగొట్టును. నల్ల గీత పీల్చుకొనును. తిరిగి వచ్చిన కాంతిని బట్టి సెన్సరు ‘తెలుపు’ లేక ‘నలుపు’ అని రెండు మాటలలో ఒకటి చెప్పును. అంతకు మించి దానికి భాష రాదు.

ఇక ప్రోగ్రాము. ఉన్నత పాఠశాలలో నేర్చిన అసమాపక క్రియలను స్మరింపుడు. ఒక పని ముగించి మరియొకటి చేయుటను తెలుపునది క్త్వార్థకము: ‘చూచి కదలును’. పని సాగుచుండుటను తెలుపునది శత్రర్థకము: ‘చూచుచు కదలును’. ఒక పని మరియొక దానికి కారణమైనచో అది చేదర్థకము: ‘కనబడినచో ఆగును’. ఉర్దూలో ఇవియే ‘దేఖ్ కర్’, ‘దేఖ్‌తే హుయే’, ‘అగర్ – తో’. ప్రోగ్రామునకును మూడే స్తంభములు: వరుస, పునరావృత్తి, షరతు. శత్రర్థకము పునరావృత్తికి అచ్చముగా సమానము కాకున్నను దగ్గరి చుట్టము. ఎట్టి గణన ప్రక్రియనైనను ఈ మూడింటితో నిర్మింపవచ్చునని 1966లో బోమ్, యాకోపీని అను ఇటలీ శాస్త్రజ్ఞులు నిరూపించిరి.

నల్ల గీత రెండు సెన్సర్ల నడుమ ఉండునట్లు రోబోను నిలుపుడు. రెండు కన్నులు, ఒక్కొక్క దానికి రెండు మాటలు. కావున సంభవించు స్థితులు నాలుగే. రెండును తెలుపు చూచినచో ముందుకు పోవలెను. ఎడమది నలుపు చూచినచో బండి కుడికి జరిగినదని అర్థము. ఎడమ చక్రమును ఆపి కుడి చక్రమును నడిపినచో ఎడమకు తిరుగును. కుడిది నలుపు చూచినచో ఇందుకు విపర్యయము. రెండును నలుపు చూచినచో ఆగవలెను. ఈ నాలుగు వాక్యములను మొదట మాతృభాషలో కాగితముపై వ్రాయుడు. అటుపిమ్మట ‘ఇఫ్’, ‘ఎల్స్’, ‘లూప్’ వంటి కొలది పదములలోనికి మార్చుట ఒక పూట పని. నాలుగింటిలో ఒకదానిని మరచినచో రోబో ఊహించి సర్దుకొనదు. మన పరీక్షా పత్రములలోని అస్పష్ట వాక్యమును పరీక్షకులు దయతో గ్రహింపవచ్చును. యంత్రమునకు దయ లేదు.

బండి సరిగా నడువనపుడు అన్నిటిని ఒక్కసారి మార్చరాదు. సెన్సరు క్రింద తెల్ల కాగితమును, నల్ల పట్టీని వంతుగా ఉంచి అది ఏమి చెప్పుచున్నదో మొదట చూడవలెను. ఎండలోను పరారుణ కిరణము లుండుటచే కిటికీ ప్రక్కన సెన్సరు పొరబడవచ్చును. దానిపైనున్న చిన్న మరను త్రిప్పి సరిచేయవలెను. చక్రము వెనుకకు తిరిగినచో ఆ మోటారు తీగలు రెండింటిని తారుమారు చేసిన చాలును. అన్నిటికి చివర ప్రోగ్రామును పరిశీలింపవలెను.

ఈ విద్య మన పూర్వులకు క్రొత్త కాదు. 9వ శతాబ్దమున బాగ్దాదులో నివసించిన అల్ ఖ్వారిజ్మీ నామమే లాటిను భాషలో మారి ‘అల్గారిథమ్’ అయినది. 1206లో అల్ జజరీ ముగించిన యంత్ర గ్రంథమున చేతులు కడుగుకొను ఒక నెమలి పాత్ర కలదు. అందు నీరు నిండి బెండు పైకి తేలినచో ఒక బొమ్మ ముందుకు వచ్చి సేవ చేయును. బెండు సెన్సరు; ‘తేలినచో’ అనునది చేదర్థకము. ఆయన తన గ్రంథమును అరబ్బీలో వ్రాసెను.

కావున విద్యార్థులారా, ఆంగ్లమును తప్పక నేర్చుకొనుడు. కాని అది వచ్చువరకు ఆలోచనను ఆపకుడు. స్పష్టమైన వాక్యము ఏ భాషలో వ్రాసినను స్పష్టమైనదే. కళాశాల పాలకవర్గము వారు ఇట్టి పరికరములు కొన్ని తెప్పించి, విజ్ఞాన శాఖ విద్యార్థులతో పాటు భాషా విద్యార్థులకును అందుబాటులో ఉంచెదరని ఆశించుచున్నాము.